మళ్ళ తెలుపు

నహ్దాల ఫ్లాటు ఖాళీ అయితె
తాళం వాచ్‌మన్‌కు, కబురు నాకు.
కిరాయి కాగితంల రాసుంటదట,
దిగిననాడు గోడ ఎట్లుందో
పోయెనాడు అట్లనే ఉండాలె అని.
అట్లనే అంటే తెలుపు.
ఇరవై లీటర్ల డబ్బా, రెండు రోలర్లు,
నేను, మొనిర్.

మూడువందల నాలుగుల
వంటిల్లు మాత్రం మామిడిపండు పసుపు.
తక్కిన ఇల్లంత బూడిద.
వంటిల్లు ఆమెది, హాలు ఆయనది అనుకున్న.
పొయ్యెనక పోపు చిట్లిన మచ్చలు
పసుపుల కలిసి కనవడకుంటున్నయి.
తెలివిగల్లది, ఒప్పుకోవాలె.
రెండు పూతలల్ల ఇద్దరూ ఒక్కటైన్రు.

ఏడువందల పన్నెండుల పిల్లల అర్ర.
కప్పుకు చీకట్ల మెరిసే చుక్కలు అతికిచ్చిన్రు.
గీకుడుకత్తితోని ఒక్కొక్కటి రాల్చినం.
మొనిర్ రెండు చుక్కలు జేబుల ఏసుకున్నడు,
నేను చూడనట్టే ఉన్న.
దర్వాజ పక్కన పెన్సిలు గీతలు, తారీఖులు.
ఆఖరి గీత నా ఛాతి కాడ ఆగింది.
ఒక్క పూతకు పోలె.
రెండో పూత లోపట్నించి గూడ తొంగిచూసింది.
మూడోది ఏసిన.
పెయింటు లెక్కల తగ్గిందేందని బిజు అడిగితె
గోడకు చెమ్మ ఉండె అని చెప్పిన.

మేకు కొట్టద్దని షరతు.
అయినా కొడతరు.
పోయేముందు పొక్కల టూత్‌పేస్టు నింపుతరు,
మాకు తెల్వదనుకొని.
లప్పం పెట్టుకుంట వాసన చూస్త,
ఒకదాంట్ల పుదీన, ఒకదాంట్ల లవంగం.
ఏ పొక్కకు ఏం ఏలాడిందో
చుట్టూ మాయని ముక్క చెప్తది.
ఇది గడియారం. ఇది పెండ్లి ఫోటో, అడ్డంగ.
ఇది మాత్రం సమజ్ గాలె.
సన్నగ, పొడుగు, మధ్యల వంగి ఉన్నది.
ఎవలకేం ఇష్టముండెనో.

స్విచ్చుబోర్డు మూత ఇప్పితె
అంచుకు పొరలు కనవడ్తయి ఉల్లిగడ్డ కోసినట్టు.
తెలుపు, గులాబి, తెలుపు, లేత నీలం, తెలుపు,
ఎవడో పిచ్చోడు నలుపు,
మళ్ళ తెలుపు, మళ్ళ తెలుపు.
నలుపును మూయనీకి రెండు పట్టినయి.
అందుల ఒకటి నా చెయ్యే,
కొత్తల వచ్చినేడు.
మూత బిగిచ్చిన.

కొంతమంది దిగేటప్పుడే డిపాజిట్ కట్టి
రంగులు ఏపిచ్చుకుంటరు.
ఒకామె నాలుగుసార్లు మార్పిచ్చి
చివరికి మొదటిదే బాగున్నదన్నది.
నవ్వు రాలె నాకు.
ఆమె సోఫ గుడ్డముక్క గోడకు ఆనిచ్చి
పొద్దటి ఎండల ఒకసారి, ట్యూబులైటు కింద ఒకసారి
కండ్లు చిన్నగ చేసి చూసుడు చూసిన.
నేను ఎన్నడన్న దేన్నన్న గట్ల చూసిన్నా?

సజ్జా క్యాంపుల నాది కింది మంచం.
పరదా ఎనుక మూడడుగుల గోడ నా వంతు.
డబ్బాల అడుగున మిగిలింది
చాయ్ కప్పుల తెచ్చి
అగ్గిపెట్టెంత, అగ్గిపెట్టెంత ఏస్తున్న.
ఎందుకని మీది మంచం పోచన్న అడిగితె
దోమలు రావంటని చెప్పిన.

మెట్‌పల్లిల మా ఇంటికి లప్పం అయిపోయింది.
స్వరూప ఫోను తిప్పి తిప్పి చూపిచ్చింది,
దేవునర్ర, పడకర్ర, ముంగటి వసార.
"ఏ రంగులెయ్యాలె చెప్పు,
నీకంటే ఎవలకు ఎరుక?"
ఎంతమంది ఇష్టాలో ఎరుకనే.
నాది అడిగెటాలకు
నెట్ ఆగిందని కట్ చేసిన.

రాత్రి పరదా గుంజి సెల్లు లైటు ఏసిన.
అగ్గిపెట్టెలన్ని చూసుకుంట పోతుంటె
ఒక రంగు ఈడున్నది, ఆడున్నది,
దిండు కాడ మళ్ళున్నది.
నాలుగుసార్లు ఏసుకున్న, నాకే ఎరుక లేకుంట.
ఇటుక గాదు, కుంకుమ గాదు.
ఫోటో కొడితె ఫోన్ల వేరే రంగు పడ్డది.
కంపెనీ పేరు, నంబరు డబ్బాతోనే పాయె.

అందరు పన్నరని
పరదా లోపట మెల్లగ వాయిస్ పెట్టిన:
"స్వరూపా, నీళ్ళ కుండ మీద
చెయ్యితోని నీళ్ళు జల్లు.
ఆరకముందే చూడు.
గది."